కాశీలో విడిచిన పాలు

మా ముత్తాత చిన్న నర్సింహారెడ్డి నిజాం జమానాలో ఎల్లారెడ్డి వైపు ఏడు ఊళ్ళకు మాలీ పటేల్. ఆ ఊళ్ళ శిస్తంతా ఆయన చేతుల మీదుగా సర్కారుకు చేరేది. ఆయన కొడుకు, మా తాత అనంతరెడ్డి, పటేల్గిరీతో పాటు చెరుకు తోటలు పెంచి, బెల్లం వండించి, కామారెడ్డి గంజ్ మార్కెట్టుకు బండ్లు తోలించాడు. మా బండ్లు వస్తుంటే మిగతా బండ్లవాళ్ళు ఎడ్లను పక్కకు తీసి దారి ఇచ్చేవారట. మా బాపు భూంరెడ్డి పుట్టేనాటికి ఇంటికి ముందొక వాకిలి, వెనకొక వాకిలి, పశువులకు వేరే దొడ్డి, వచ్చిపోయేవాళ్ళు కూర్చోవడానికి పెద్ద కచేరి ఉండేవి. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. చెప్పడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు కూడా. నా తర్వాత పుట్టినవాళ్ళు నిలవలేదు. మా ఇల్లున్న జాగాలో ఇప్పుడు ఎరువుల గోదాం ఉంది. నేను కామారెడ్డిలో మా అబ్బాయి కట్టుకున్న ఇంట్లో కింది గదిలో ఉంటున్నాను. ఎవరైనా వచ్చి "మీరు పటేల్ భూంరెడ్డి బిడ్డ గద" అంటే ఇప్పటికీ కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుంటాను. ఆ అలవాటు పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు.

మొన్న ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం మా మనవరాలు సింధు మేడ మీది నుంచి చిన్న డబ్బా, చెంచా పట్టుకుని దిగివచ్చింది. ఆమెకు పాలు పడవు. చిన్నప్పటి నుంచి పాలు తాగితే కడుపునొప్పి. అందుకని కొబ్బరి పాలు, నానబెట్టిన జీడిపప్పు, మామిడిగుజ్జు మిక్సీలో వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తన కోసం తాను ఐస్‌క్రీం చేసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత పక్కింటివాళ్ళు అడిగారు, వాళ్ళ చుట్టాలు అడిగారు. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని డబ్బాలు అమ్ముతోంది. మా ఇంటి ఆడపిల్ల వంటింట్లోంచి డబ్బాలు అమ్మడం నాకు మింగుడు పడలేదు. ఒకసారి అన్నాను కూడా. "అమ్మితే ఏమైతది నానమ్మా?" అని అడిగింది, వెటకారంగా కాదు, నిజంగా తెలియకే. ఆ మధ్యాహ్నం ఆమె తెచ్చిన డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో "పాలు కలపలేదు" అని ముద్ర ఉంది. నేను ఒక చెంచా తిన్నాను. బాగుంది. కానీ నాలుక మీద ఇసుకలాగా సన్నటి మంచు పలుకులు తగిలాయి. "కొత్తబియ్యం గంజి కొంచెం కలుపు, పలుకులు కట్టదు" అన్నాను. సింధు చెంచా కింద పెట్టి నా వైపు చూసింది. "నీకెట్ల తెలుసు నానమ్మా? మీ కాలంల గూడ పాలు లేకుండ చేసేటోళ్ళా?" అని అడిగింది. చేసేవాళ్ళం. మా ఇంట్లో చేశాం. ఎట్లా చేశామో ఆమెకు చెప్పాను. ఎందుకు చేశామో చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, తండ్రి తల్లిని బాపమ్మ అంటాం. నాకు ఊహ తెలిసేసరికే మా భూములు సగం కంటే తక్కువకు వచ్చాయి. కొంత సీలింగు చట్టంలో పోయింది, కొంత దాయాదులతో నిజామాబాద్ కోర్టులో పోయింది. చెరుకు తోటల సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. జీతగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బాపు మాత్రం పొద్దున్నే గంజిపెట్టిన ధోవతి కట్టుకుని కచేరి అరుగు మీద ఎప్పటిలాగే కూర్చునేవాడు. ఎవరొచ్చినా లోపలికి వినబడేలా "సల్ల తెండ్రి" అని కేక వేసేవాడు. మా ఇంట్లో చల్ల తాగకుండా ఎవరూ పోకూడదు. పాలు, పెరుగు, చల్ల ఎవరికైనా పోస్తాం, అమ్మం. అది మా తాతల నాటి నుంచి వచ్చిన పట్టింపు. ధాన్యం అమ్మవచ్చు, బెల్లం అమ్మవచ్చు, అవసరమైతే భూమి కూడా అమ్మవచ్చు, కానీ పాలు అమ్ముకోవడమంటే ఇంటి తల్లి చేత కూలి చేయించినట్టు లెక్క. ఎందుకలాగని ఎవరూ అడగలేదు. పాడి మాత్రం మిగిలింది. తాతల నాటి నల్లబర్రెల సంతతి, మంచి పాలిచ్చేవి. దొడ్లోకి అడుగుపెడితే చిట్టూ తౌడూ కలిపిన కుడితి వాసన, పచ్చిగడ్డి వాసన, పాలు పిండిన చేతుల మీది వెచ్చటి వాసన కలిసి వచ్చేవి.

నన్ను కామారెడ్డిలో హైస్కూలుకు పంపాలని పట్టుబట్టింది అవ్వ. తాను మూడో తరగతి దాటలేదు. ఉత్తరం వస్తే కూడబలుక్కుని చదివేది, చదివాక అది మడిచి కాసేపు చేతిలోనే పట్టుకునేది. ఎల్లారెడ్డిలో అప్పటికి బడి ఉంది కానీ పై క్లాసుల్లో ఆడపిల్లలు లేరు, బాపు ఒప్పుకోడు. కామారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్ ఉంది, అక్కడైతే సరేనన్నాడు. ఖర్చు ఎక్కడి నుంచి అని అడిగితే, తన పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మెట్టచెల్క ఉంది కదా, దాని కౌలుతో అయిపోతుందని అవ్వ చెప్పింది. బాపు మళ్ళీ అడగలేదు. ఆ చెల్కలో రాళ్ళు తప్ప ఏమీ పండవని ఆయనకూ తెలిసి ఉండాలి, కానీ ఇంటి ఆడవాళ్ళ ఆస్తి సంగతి తవ్వి అడగడం మర్యాద కాదని ఊరుకునేవాడు. నా చదువు నడిచింది పాల మీద. తెల్లవారక ముందే అవ్వ తానే పాలు పిండేది. మంగవ్వ అనే ఆమె దొడ్డిదారిన వచ్చి, పాలగిన్నెను గడ్డిమోపు నడుమ పెట్టుకుని, నెత్తిన ఎత్తుకుని ఎల్లారెడ్డి బస్టాండు దగ్గరి చాయ్ హోటల్‌కు మోసుకుపోయేది. చూసినవాళ్ళకు గడ్డి అమ్మబోతున్నట్టే ఉండేది. బాపు చాయ్‌కు, బాపమ్మ రాత్రి పాలబువ్వకు సరిపడా తీసి పెట్టి, చల్లకు కొంత తోడుపెట్టి, మిగతావన్నీ అలా పోయేవి. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు పాలు వడగట్టేది నేనే. కాబట్టి నాకు తెలుసు. బాపమ్మకూ తెలుసు. కళ్ళు సరిగ్గా కనబడకపోయినా గిన్నెల చప్పుడును బట్టి ఇంట్లో ఏం జరుగుతోందో ఆమె చెప్పేది. బాపుకు తెలిస్తే ఆ రోజుతో పాలు బంద్, వాటితో నా బడి బంద్. ముగ్గురం దాన్ని నోటితో ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోకుండానే కాపాడుతూ వచ్చాం.

మా మేనత్త కమల బిచ్కుంద వైపు ఇచ్చిన ఇంట్లో బాగా ఉన్నది. ప్రతి ఎండాకాలం పుట్టింటికి వచ్చేది. ఆమె వస్తే మా ఇంట్లో బరఫ్ తిప్పాలి. మంచుగడ్డనూ, దానితో గడ్డకట్టించే ఐస్‌క్రీంనూ మేం బరఫ్ అనే అంటాం. తాత ఎప్పుడో హైదరాబాద్ నుంచి తెప్పించిన కర్రపీపా ఒకటి ఉండేది. అందులో తగరపు డబ్బా, పైన పిడి. డబ్బాలో మరగబెట్టి చిక్కబడిన పాలు పోసి, చుట్టూ పగలగొట్టిన బరఫ్, దొడ్డుప్పు కూరి, పిడి తిప్పుతూ ఉంటే లోపలి పాలు గడ్డకట్టేవి. బరఫ్ దిమ్మను రంపపు పొట్టులో పెట్టి గోనెసంచి చుట్టి, కామారెడ్డి నుంచి బస్సు మీద వేయించేవాడు బాపు. ఆ బస్సు ఎల్లారెడ్డి చేరేసరికి సంచి నుంచి కారిన నీళ్ళు కింద కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళ మీద పడేవని, అయినా పటేల్ ఇంటి బరఫ్ అని ఎవరూ ఏమనేవారు కాదని బాపు సంబరంగా చెప్పుకునేవాడు.

ఆ యేడు అత్త రావడం, ఎల్లారెడ్డిలో పెద్ద పెళ్ళి పడటం ఒకేసారి జరిగాయి. చాయ్ హోటల్ అతను పెళ్ళివారికి పాలు ఒప్పుకున్నాడు. ఆ రెండు పూటలా ఒక్క గిన్నె తగ్గినా ఇక వేరే ఇంటితో మాట్లాడుకుంటానని మంగవ్వతో చెప్పి పంపాడు. బడి తెరిచేముందు కట్టాల్సిన ఫీజులు ముందున్నాయి. అవ్వ పాలన్నీ పంపేసింది. ఆ పొద్దున్నే బస్సు మీద బరఫ్ వచ్చింది, వెనకే అత్త దిగింది. వంటింట్లో బాపమ్మ గిన్నెడు తప్ప చుక్క పాలు లేవు.

అవ్వ కంగారు పడలేదు. పొట్టు తీసి నానబెట్టిన పల్లీలు తీసి రోట్లో మెత్తగా రుబ్బింది. గసగసాలు కొన్ని వేసి మళ్ళీ రుబ్బింది. సన్నబట్టలో వేసి పిండితే తెల్లగా, చిక్కగా పాలు దిగాయి. వాటిని పొయ్యి మీద పెట్టి, పైకొచ్చే నురుగు గరిటెతో తీసేస్తూ, పచ్చివాసన పోయేదాకా కాచింది. అందులో తాత నాటి మనుషులు ఇంకా మాకు పంపుతూ ఉండే ముదురు బెల్లం కరిగించింది. బర్రెపాలలో అయితే వేడి మీద బెల్లం వేస్తే విరుగుతాయి, వీటికి ఆ భయం లేదు. కొత్తబియ్యం గంజి, ఇలాచీ, రసాలు పిండిన గుజ్జు కలిపి చల్లారబెట్టింది. ఇవన్నీ ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేర్చుకున్నట్టుగా కూడా లేదు, ఒకటి చేస్తూ తర్వాతది ఆలోచిస్తున్నట్టు ఉంది. తిప్పడానికి మనుషులు లేరన్న సంగతి అత్తకు కనబడకూడదని పీపాను వెనక దొడ్లో పెట్టి మేమిద్దరమే తిప్పాం. మొదట తేలిగ్గా తిరిగిన పిడి గట్టిపడుతూ వచ్చింది. చివరకు అవ్వ దాని మీద దాదాపు ఒరిగి తిప్పింది. ఉప్పునీళ్ళు పారి ఆమె పాదాలు పాలిపోయాయి. డబ్బా తెరిస్తే లేత బెల్లం రంగులో నున్నగా ఉంది. అవ్వ వేలితో కొంచెం తీసి నా నోట్లో పెట్టింది. "ఎట్లున్నది?" అన్నది. మంచిగున్నది అన్నాను. "పాలు లేనట్టు తెలుస్తున్నదా?" అన్నది. తెలుస్తోంది. తెలియడం లేదని చెప్పాను.

కచేరికి ఆనుకున్న నడిమింట్లో అందరికీ వెండిగిన్నెల్లో పెట్టాం. బాపు బయట అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అత్త రెండు చెంచాలు తిని ఆగింది.

"ఇదేంది వదినె, పల్లీల వాసనొస్తున్నది. పాలు పొయ్యలేదా?"

అవ్వ బాపమ్మ గిన్నెలో ఇంకొంచెం వేస్తున్నట్టు వంగింది.

"దొడ్డి నిండ బర్లు కట్టేసి ఉన్నయి" అన్నది అత్త. "మా ఇంట్ల గీ ఎండకు శ్రీఖండ్ గంపెడు చేస్తరు. పుట్టింట్ల పల్లీలు తిననీకి ఇంత దూరం వచ్చిన్నా? పాలేం చేస్తున్నవ్ వదినె, అమ్ముకుంటున్నవా?"

నవ్వులాటకే అన్నది. అరుగు మీది మాటలు ఆగిపోయాయి. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న బాపమ్మ నోరు తుడుచుకుని అన్నది, "నేనే వద్దన్న బిడ్డా. పాలు విడిచిన."

"ఎప్పుడు విడిచినవే?"

"కాశీల."

కాశీకి పోయినవాళ్ళు గంగలో నిలబడి తమకిష్టమైనది ఏదో ఒకటి విడిచి రావడం మా వైపు ఆచారం. విడిచినదాన్ని మళ్ళీ నోట పెట్టరు. బాపమ్మ తాత ఉండగానే కాశీకి పోయి వచ్చింది నిజం.

"అవ్వా, కాశీల నువ్వు విడిచింది కాకరకాయ" అన్నది అత్త. "ఎట్లాగూ నాకు సయించదు, దేవునికి ఇచ్చేసిన అని నువ్వే చెప్పి నవ్వినవ్."

"కాకరకాయా విడిచిన, పాలూ విడిచిన. గంగల నిలబడ్డది నేనా, నువ్వా?"

"మరి పోయినేడు గూడ నా ముంగటనే పాలబువ్వ తిన్నవ్ గద?"

"యాదిమర్చి తిన్న. యాదికొచ్చింది, బంద్ చేసిన. ముసలిదాన్ని, ఇప్పుడు కోర్టుకు తీస్కపోతవా?"

అత్త నవ్వింది. అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అత్త మళ్ళీ చెంచా తీసుకుని, "అట్లయితే మంచిదే. పుణ్యం బరఫ్" అని మిగతాదంతా తిన్నది. గండం గడిచిందనుకున్నాను.

బాపు లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను చాలా రోజులుగా చూడలేదు. కోర్టులో ఓడి, భూమి పోగొట్టుకుని, ఊళ్ళో మాట పలచబడిన మనిషికి తన తల్లి గంగలో నిలబడి పాలు విడిచిందన్న సంగతి ఒక ఆస్తిలాగా దొరికింది. "అవ్వ విడిచిన పాలు మనం తాగుడేంది?" అన్నాడు. "రేపటి సంది ఈ ఇంట్ల పాలు వాడకుండ్రి. పసిపిల్లలున్న ఇండ్లకు పొయ్యుండ్రి. పటేల్ ఇంటి పాలు, ఊకెనే."

"సల్ల?" అన్నది అవ్వ.

"సల్ల గూడ."

"అన్ని పాలా?"

"అన్ని" అన్నాడు బాపు. "నేనే దగ్గరుండి పోయిస్త."

అవ్వ ఖాళీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్ళింది. బాపమ్మ చేత్తో గోడ తడుముకుంటూ లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఆ నిమిషంలో మా ముగ్గురిలో ఎవరు నిజం చెప్పినా ఏం జరిగేదని నేను చాలాసార్లు ఆలోచించాను. నేను చెబితే బాపు నన్ను కొట్టేవాడు కాదు. అవ్వను కూడా ఒక్క మాట అనేవాడు కాదు. ఆ రోజు నుంచి అరుగు మీదికి రావడం మానేసేవాడు, అంతే. మాకు అది చావు కంటే ఎక్కువగా తోచింది.

మర్నాడు పొద్దుటి నుంచి మా ముందువాకిట్లో సత్తు గిన్నెలు, చెంబులు పట్టుకుని జనం నిలబడ్డారు. బాపు కుర్చీ వేయించుకుని దగ్గరుండి పోయించాడు. "పటేలా, నీ కడుపు సల్లగుండ" అని ఒక్కొక్కరు అంటుంటే చెయ్యి ఊపేవాడు. మంగవ్వ కూడా మనవడి కోసం చెంబు పట్టుకుని వచ్చింది. అవ్వ ఆమె చెంబు నిండా పోసింది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అత్త బిచ్కుందకు తిరిగిపోయి, మా ఇంట్లో పాలు లేకుండా బరఫ్ తిప్పే పద్ధతి ఉన్నదని, అది పెద్దింటి నియమమని అక్కడ చెప్పింది. తర్వాతి ఎండాకాలం ఆమె అత్తగారింట్లోనూ, వాళ్ళను చూసి ఇంకా ఒకటి రెండు ఇండ్లలోనూ పల్లీలు రుబ్బి బరఫ్ తిప్పారట. లేక చేసినదాన్ని వాళ్ళు దర్జా అనుకుని చేశారు.

బడి తెరిచే వారం వచ్చింది. నేను రేకుపెట్టెలో బట్టలు సర్దుకున్నాను, అడుగున పాత చీరముక్క పరిచి, పుస్తకాలు ఒకవైపు పెట్టి. అవ్వ వచ్చి పెట్టె పక్కన కూర్చుంది. నేను పెట్టినవి ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఈయేడు పోకు బిడ్డా" అన్నది. "మళ్ళేడు చూద్దాం." మళ్ళేడు అనేది లేదని ఇద్దరికీ తెలుసు. బాపు అడిగితే, బాపమ్మకు కళ్ళు బొత్తిగా కనబడటం లేదు, తోడుకు పిల్ల ఇంట్లో ఉండాలని చెప్పింది. అది న్యాయంగానే ఉందని ఆయన ఒప్పుకున్నాడు. నేను ఎనిమిదితో ఆగాను. తర్వాత చదివిందంతా ఇంట్లో కూర్చుని, అడిగి తెచ్చుకున్న పుస్తకాలతో చదివిందే. ఇంత రాయగలిగానంటే అది నా మొండితనం, చదువు కాదు.

బాపమ్మ ఆ మాట అన్న రోజు నుంచి మళ్ళీ పాలు ముట్టలేదు. ఎవరూ లేనప్పుడైనా తాగమని అవ్వ బతిమాలింది. "కాశీ పేరు చెప్పిన గదనే, అబద్ధం ఎట్ల చేస్తా?" అన్నది. ఆమెకు రాత్రి పాలబువ్వ తప్ప ఏదీ సరిగ్గా సయించేది కాదు. బెల్లంనీళ్ళలో అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టేది. ఆఖరి రోజుల్లో నోట్లో పాలు పోయబోతే పెదవులు బిగించుకుంది. అవ్వ ఏడుస్తూ నీళ్ళు పోసింది. అప్పుడు మింగింది.

ఇప్పుడు సింధు ఫ్రిజ్ తలుపు తీస్తే వరసగా డబ్బాలు కనబడతాయి. పాలు లేవన్న సంగతి దాచకపోవడమే కాదు, దాన్నే ముందు రాసుకుంటోంది. అందుకే కొంటున్నారు కూడా. మా ఇంట్లో ఆ ఒక్క మాట అనలేక గంగను అడ్డం పెట్టుకున్నాం. సింధు నేను చెప్పిన గంజి కలిపి చూసింది, పలుకులు పోయాయి. కొబ్బరిపాలు మానేసి పల్లీ పాలతో కూడా చేసింది. తిన్నవాళ్ళు మెచ్చుకున్నారట. దానికి "పటేల్ ఇంటి బరఫ్" అని పేరు పెడతానని వచ్చి అడిగింది. వద్దన్నాను. "ఎందుకు నానమ్మా, గొప్పగా ఉంటది గద" అన్నది. గొప్పగానే ఉంటుంది. అయినా వద్దన్నాను. బాపు కూతురిని, ఆ పేరును అమ్మకానికి పెట్టడం నాకు చేతకాలేదు. అవ్వ ఉంటే ఏం చేసేదో అనుకుంటాను. బహుశా కాసేపు ఆ వంటింట్లో కూర్చుని, మనవడి కూతురు పట్టపగలు, తలుపులు తీసి, తాను చేసిన దాన్ని తన పేరుతో అమ్ముకోవడం చూస్తూ ఉండేది.

బాపు రెండేళ్ళు ఊరికి పాలు పోయించాడు. ఆయనను జనం అంతకు ముందు ఎన్నడూ మెచ్చుకోనంతగా మెచ్చుకున్నారు. పాలు పంచుతున్నా దాణా కొనాలి, గడ్డి కొనాలి. వానలు వెనకబడ్డ యేడు గడ్డి దొరకలేదు. ఒక అంగడి రోజు పొద్దున్నే ఆయన ధోవతి కట్టుకుని, పైన కండువా వేసుకుని, మనిషిని వెంటబెట్టుకుని బయలుదేరాడు. మా బర్రెలన్నిటినీ, దూడలతో సహా, పిట్లం అంగట్లో అమ్మేశాడు.